ముఖచిత్రంలో ఏమేమి వదిలేయాలి

నా మొదటి కథల సంపుటికి ముఖచిత్రం నేనే తయారుచేసుకున్నాను. అందులో ఎనిమిది కథలున్నాయి కాబట్టి ఎనిమిదింటికీ అట్ట మీద చోటు దక్కాలన్న పట్టుదలతో ఒక నది, నదిలో పడవ, పడవలో ముసలాయన, ఆకాశంలో చందమామ, ఒక మూలన రైలు పట్టాలు, మరో మూలన వెలుగుతున్న దీపం, వీటన్నిటి వెనక మసకగా ఒక స్త్రీ ముఖం పెట్టాను. కంప్యూటరు తెర నిండా పరిచి చూసుకుంటే ప్రతి కథా అందులో కనబడి ఎంతో తృప్తి కలిగింది. నా రచనలను మొదటినుంచీ చదువుతున్న ఒక మిత్రురాలికి దాన్ని పంపాను. ఆమె ఫోనులో చూసి, "ఇది భక్తి పుస్తకమా?" అని అడిగింది. ఆమె చూసిన బొమ్మ బొటనవేలి గోరంత ఉంది. అంత చిన్న కొలతలో దీపమూ, దాని వెనక స్త్రీ ముఖమూ తప్ప మరేదీ కంటికి ఆనలేదు. పడవా, రైలు పట్టాలూ, ముసలాయనా అన్నీ ఒకే బూడిదరంగు మరకగా కలిసిపోయాయి.

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. కథల్లో ఏ వాక్యం ఉంచాలో, ఏది కొట్టేయాలో నెలల తరబడి ఆలోచించినవాణ్ణి, అట్ట దగ్గరికి వచ్చేసరికి దేన్నీ వదులుకోలేకపోయాను. ఆ తరువాత నావీ, మిత్రులవీ కలిపి కొన్ని పుస్తకాలకు ముఖచిత్రాలు తయారుచేశాను, కొన్నింటికి డిజైనర్ల పక్కన కూర్చున్నాను. ఈ పనిలో నాకు అర్థమైనంతవరకు, ముఖచిత్రానికి ఏం కావాలో తేల్చుకోవడం తేలిక, అందులోంచి ఏం తీసేయాలో తేల్చుకోవడమే కష్టం. నేను నేర్చుకున్నది కొత్తగా రాస్తున్నవారికి ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మనం తయారుచేసే కొలత వేరు, పాఠకుడు చూసే కొలత వేరు. అమెజాన్ కిండిల్ ఈ-పుస్తకాలకు సూచించే ముఖచిత్రం నిలువు 2,560 పిక్సెళ్ళు, అడ్డం 1,600 పిక్సెళ్ళు. రచయితలు తమ కథలను ఆన్‌లైన్‌లో ప్రచురించుకునే వాట్‌ప్యాడ్‌లో అయితే నిలువు 800, అడ్డం 512. కొలతలు వేరైనా రెండింటి ఆకారమూ ఇంచుమించు ఒకటే, వెడల్పుకు ఒకటిన్నర రెట్ల కన్నా కాస్త ఎక్కువ ఎత్తు. అయితే పాఠకుడు మొదటిసారి దాన్ని చూసేటప్పుడు అది ఎన్నో పుస్తకాల వరసలో ఒకటిగా, వంద నూటయాభై పిక్సెళ్ళ వెడల్పుకు కుదించుకుపోయి ఉంటుంది. అతని వేలు తెరను పైకి తోస్తూనే ఉంటుంది. అందుకని నేను పెద్ద ఫైలు పక్కనే వంద పిక్సెళ్ళ వెడల్పున్న నకలు ఒకటి తెరిచిపెట్టుకుంటాను. ఏ మార్పు చేసినా మొదట చిన్నదాన్నే చూస్తాను. ఫోనును చేయి చాపినంత దూరంలో పట్టుకుని చూసినప్పుడు పుస్తకం పేరు, ఒక ఆకారం, ఒక రంగు నిలబడితే చాలు. ఆ కొలతలో నిలబడనిది ఏదైనా సరే, అది ఎంత అందమైనదైనా, దాన్ని తీసేయగలమేమో ఒకసారి ఆలోచించాలి.

దీనికి అనుబంధంగా మరో చిన్న విషయం చెప్పాలి. పుస్తకం లంకెను సామాజిక మాధ్యమాల్లో పంచుకున్నప్పుడు బొమ్మ సాధారణంగా అడ్డం 1,200, నిలువు 630 పిక్సెళ్ళ చట్రంలో కనబడుతుంది. నిలువు ముఖచిత్రాన్ని ఆ అడ్డ చట్రంలో ఇమిడిస్తే పైనా కిందా తెగిపోయి నడిమి భాగమే మిగలవచ్చు. పేరును మరీ పై అంచుకూ, రచయిత పేరును మరీ కింది అంచుకూ అంటించినవారికి అప్పుడు పేరు లేని బొమ్మ మాత్రమే దక్కుతుంది. ఇందుకోసం నేను వేరుగా ఒక అడ్డ బొమ్మను తయారుచేసి ఉంచుకుంటున్నాను. దానికి పావుగంట కన్నా ఎక్కువ పట్టదు.

ముఖచిత్రం కథాసారాంశం కాదన్న సంగతి ఒప్పుకోవడం రచయితకు చాలా కష్టం. కథలోని మలుపులన్నీ మనకు తెలుసు కనుక అట్ట మీది ప్రతి గీతలోనూ మనకు అర్థం కనబడుతుంది. పాఠకుడికి ఆ కథ ఇంకా తెలియదు. ఇది తాను చదవదలచుకున్న రకం పుస్తకమా కాదా అన్నది ఒక్కటే అప్పుడు అతనికి కావాలి. 1935లో పెంగ్విన్ అనే బ్రిటిష్ ప్రచురణ సంస్థ తన చవక ఎడిషన్లను మొదలుపెట్టినప్పుడు అట్టల మీద కథకు సంబంధించిన బొమ్మే వేయలేదు. మూడు అడ్డపట్టీలు, నడిమి పట్టీలో పుస్తకం పేరు, రచయిత పేరు, కింద ఆ సంస్థ ఉద్యోగి ఎడ్వర్డ్ యంగ్ గీసిన చిన్న పెంగ్విన్ పక్షి, అంతే. నవలలకు నారింజరంగు, నేరపరిశోధన కథలకు ఆకుపచ్చ, జీవితచరిత్రలకు ముదురు నీలం. దూరం నుంచి రంగు చూసే అది ఏ కోవకు చెందిన పుస్తకమో చెప్పగలిగేలా ఉండేది ఆ ఏర్పాటు. తొంభై ఏళ్ళ నాటి ఆ అట్టలను ఇవాళ ఫోను తెర మీద గోరంత చేసి చూసినా ఆ రంగుల తేడా చెక్కుచెదరదు.

రంగు, ఆకారం, అక్షరాల తీరు కలిసి పాఠకుడికి ఒక మాట ఇస్తాయి. ఆ మాట తప్పితే నష్టపోయేది రచయితే. నాకు తెలిసిన ఒక రచయిత్రి ఇద్దరు అక్కాచెల్లెళ్ళ మధ్య పెరిగిన ఎడం గురించి ఎంతో మృదువైన నవల రాశారు. ముఖచిత్రం కొట్టొచ్చినట్టు ఉండాలని కటిక చీకటి నేపథ్యం, సగం తెరిచిన తలుపు, నేల మీద పొడవాటి నీడ, ఎర్రటి పదునైన అక్షరాలు పెట్టించారు. చాలామంది తెరిచారు, కానీ సగంలోనే ఆపేశారు. హత్య ఎప్పుడు జరుగుతుందోనని ఎదురుచూస్తూ చదివామని కొందరు రాశారు. వారిని తప్పుపట్టడానికి లేదు, ఎందుకంటే అట్ట వారికి చెప్పింది అదే. ఎక్కువమందిని ఆకర్షించిన ఆ ముఖచిత్రం, ఆ నవలను నిజంగా ప్రేమించగలిగిన పాఠకులను దూరంగా ఉంచింది. ఆకర్షణీయంగా ఉందా అని మాత్రమే అడిగితే చాలదని నాకు అప్పుడు బోధపడింది. ఎవరిని ఆకర్షించాలన్నది ముందు తేలాలి.

అందుకే పని మొదలుపెట్టే ముందు నేను రాసిన కోవకే చెందిన ఓ ఇరవై పుస్తకాల ముఖచిత్రాలను పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. వాటిలో ఏ రంగులు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, మనుషుల ముఖాలు ఎంత తరచుగా ఉన్నాయి, పేరు పైన ఉందా నడుమ ఉందా, అక్షరాలు బొద్దుగా ఉన్నాయా సన్నగా ఉన్నాయా అని ఒక కాగితం మీద రాసుకుంటాను. ఆ వరసలో నా పుస్తకం పరాయిదిగా అనిపించకూడదు, అలాగని గుర్తుపట్టరాకుండా కలిసిపోనూ కూడదు. మూడు విషయాల్లో వరసను అనుసరించి ఒక్క విషయంలో తప్పుకోవడం నాకు అచ్చివచ్చిన పద్ధతి.

ఇక అట్ట మీద నిలబడాల్సిన ఆ ఒక్క వస్తువును ఎంచుకోవడం దగ్గరికి వస్తాను. నా నవలిక ఒకదాని పేరు "ఉత్తరాల పెట్టె". తల్లి పోయిన తరువాత ఆమె పెట్టెలో దొరికిన ఉత్తరాలను కూతురు ఒక్కొక్కటిగా చదువుతూ పోవడమే అందులోని కథ. ముఖచిత్రం అనగానే నా మనసులో మెదిలింది పసుపుబారిన కాగితం, సిరాబుడ్డి, ఈక కలం, కిటికీ పక్కన కూర్చుని ఉత్తరం చదువుతున్న అమ్మాయి. ఇవన్నీ ఎక్కడినుంచి వచ్చాయని నన్ను నేను ప్రశ్నించుకుంటే, నా కథలోంచి మాత్రం రాలేదని తేలింది. నా కథలో ఎవరూ ఈక కలంతో రాయరు. ఉత్తరాలన్నీ గీతల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితాల మీద బాల్‌పెన్నుతో రాసినవి. ఇతరుల అట్టల మీద చూసిచూసి నా బుర్రలో పేరుకుపోయిన బొమ్మలనే నావి అనుకున్నాను.

అప్పుడు రాతప్రతిని మళ్ళీ మొదటినుంచి చదువుతూ, పాత్రల చేతులు తాకిన వస్తువులన్నీ ఒక జాబితాగా రాసుకున్నాను. కళ్ళజోడు, దువ్వెన, తాళంచెవి, పెట్టె, రబ్బరుబ్యాండు, మందుల డబ్బా, దుప్పటి, ఇలా మొత్తం పద్నాలుగు తేలాయి. ఏది తీసేసినా కథ చెక్కుచెదరదో దాన్ని కొట్టేస్తూ వచ్చాను. చివరికి పెట్టె, తాళంచెవి మాత్రం మిగిలాయి. తాళంచెవి బొమ్మగా అందంగా ఉంటుంది, చిన్న కొలతలోనూ స్పష్టంగా కనబడుతుంది. కానీ అది చూసినవారికి రహస్యం, అన్వేషణ, బహుశా నేరం గుర్తుకొస్తాయి. నా నవలికలో దాచిన రహస్యమేమీ లేదు. అడగకుండా వదిలేసిన ప్రశ్నలున్నాయి. కనుక తాళంచెవిని కూడా కొట్టేసి పెట్టెను మిగుల్చుకున్నాను. కూతురి ముఖం పెట్టమని ఒకరిద్దరు మిత్రులు సలహా ఇచ్చారు. మనిషి ముఖం చూపును లాగుతుందన్నది నిజమే. కానీ ఫోటోలోని ముఖం ఒకసారి కళ్ళబడితే, పుస్తకం చదువుతున్నంతసేపూ పాఠకుడికి ఆ ముఖమే కనబడుతుంది. కూతురు ఎలా ఉంటుందో నేను కథలో ఎక్కడా చెప్పలేదు, చెప్పకూడదనే చెప్పలేదు. అట్ట మీద చెప్పేస్తే ఆ శ్రమంతా వృథా అయ్యేది.

ఒక పాత చెక్కపెట్టెను బల్ల మీద పెట్టి, ఎడమ పక్క కిటికీలోంచి వచ్చే వెలుతురులో ఫోనుతోనే నలభైకి పైగా ఫోటోలు తీశాను. మూత పూర్తిగా తెరిచినప్పుడు లోపలి కాగితాలు కనబడి ఆసక్తి తగ్గిపోయింది. పూర్తిగా మూస్తే అది ఏ పెట్టయినా కావచ్చు. రెండు వేళ్ళ ఎడం ఉండేలా మూతను ఎత్తి లోపల ఒక చిన్న చెక్కముక్కను ఆనించి పెట్టినప్పుడు ఆ సందులో చీకటి, ఆ చీకట్లో ఒక్క కాగితపు అంచు మాత్రం తెల్లగా కనబడ్డాయి. చివరికి నేను ఎంచుకున్న ఫోటో వాటన్నిటిలోకి అందమైనదేమీ కాదు. అందులో పెట్టె కింది మూడోవంతులో ఒదిగి ఉంది, పైన రెండువంతులూ ఖాళీ గోడ ఉంది. ఆ గోడే నాకు కావలసింది. ఫోటో తీసేటప్పుడో బొమ్మ గీయించేటప్పుడో అక్షరాలకు చోటు వదలకపోతే, ఆ తరువాత పేరును ఆకుల మీదా, మేఘాల మీదా, ముఖాల మీదా రాయాల్సి వస్తుంది. అది చదవడానికి వీల్లేక వెనక ఒక పట్టీ వేస్తాం, పట్టీ అతికినట్టు ఉందని దాన్ని పలచన చేస్తాం, చివరికి బొమ్మా పాడవుతుంది, పేరూ కనబడదు.

అక్షరాలు బొమ్మ మీద తగిలించే చీటీ కావు, అవీ బొమ్మలో భాగమే. ఇది నాకు బాపు గారి అట్టలు చూస్తూ పెరిగినందువల్ల కలిగిన నమ్మకం. ఆయన చేతిరాత ముఖచిత్రంలో గీత ఎక్కడ ఆగి అక్షరం ఎక్కడ మొదలైందో తెలియనంతగా కలిసిపోయేది. ఆ రాత ఆ తరువాత కంప్యూటరు ఫాంటుగా కూడా వచ్చింది. సత్యజిత్ రే సినిమాలు తీయడానికి ముందు, 1940లలో సిగ్నెట్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ పుస్తకాలకు అట్టలు వేస్తూ బెంగాలీ అక్షరాలతో ఇటువంటి ప్రయోగాలే చేశారు. వారివంటి చెయ్యి మనకు లేకపోవచ్చు, కానీ అక్షరానికి అంత విలువ ఇవ్వాలన్న పాఠం మాత్రం తీసుకోవచ్చు.

తెలుగు అక్షరాలతో ముఖచిత్రం చేసేవారికి ఇంగ్లీషు డిజైన్ పాఠాలు చాలావరకు ఉపయోగపడవు. అక్కడ పేరును మొత్తం పెద్దక్షరాల్లో (క్యాపిటల్స్‌లో) పెట్టి, అక్షరాల మధ్య ఎడం పెంచితే గంభీరంగా ఉంటుంది. మనకు పెద్దక్షరాలంటూ వేరే లేవు. అక్షరాల మధ్య ఎడం పెంచితే మాట చెదిరిపోయినట్టు కనబడుతుంది. మన చేతిలో ఉన్నవి అక్షరం పరిమాణం, దాని మందం, పంక్తుల మధ్య దూరం. రామభద్ర వంటి బొద్దు ఫాంటు గోరంత బొమ్మలోనూ పేరును నిలబెడుతుంది. మండలి, సురన్న వంటివి తేలికగా, ప్రశాంతంగా ఉంటాయి కానీ బాగా పెద్దవి చేస్తేనే చిన్న కొలతలో చదవగలం. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే ఈ తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదలైనవి కనుక అమ్మే పుస్తకం అట్ట మీద కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు. ఒక అట్టకు ఒక ఫాంటు, తప్పదనుకుంటే రెండు. మూడోది వచ్చిందంటే అది పెళ్ళిపత్రికలా మారుతుంది.

వత్తుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. "ఉత్తరాల" ఒక పంక్తి, "పెట్టె" దాని కింద రెండో పంక్తి, రెండూ ఎడమ అంచుకు సమంగా. ఇది నా మొదటి అమరిక. చూస్తే ఎక్కడో ఇరుకుగా ఉంది, కారణం వెంటనే తోచలేదు. పెద్దది చేసి చూస్తే, పై పంక్తిలోని తవత్తు కిందికి దిగి, సరిగ్గా దాని కిందే ఉన్న "ట్టె" మీది ఎత్వాన్ని తాకుతోంది. తెలుగు అక్షరం పైకీ పెరుగుతుంది, కిందికీ పెరుగుతుంది. పై పంక్తి వత్తులూ, కింది పంక్తి గుడులూ ఎత్వాలూ ఒకే ఖాళీ కోసం పోటీపడతాయి. పంక్తుల మధ్య దూరం పెంచితే తగాదా తీరింది కానీ రెండు మాటలూ ఒకదానికొకటి సంబంధం లేనట్టు విడిపోయాయి. చివరికి రెండో పంక్తిని ఒక అక్షరమంత కుడికి జరిపాను. తవత్తు వెళ్ళి "పె"కు ఎడమనున్న ఖాళీ దగ్గర ఒదిగింది, పంక్తుల దూరం తగ్గించగలిగాను, కాస్త పక్కకు జరిగిన ఆ రెండో మాట సగం తెరిచిన మూతలాగా అనిపించింది. ఆ పోలిక కోసం నేను ప్రయత్నించలేదు, వత్తును తప్పించబోతే దొరికింది.

చిన్న కొలతలో మన అక్షరాల మధ్య తేడాలు చెరిగిపోతాయని కూడా గుర్తుంచుకోవాలి. ప, వ లు, మ, య లు, ద, ధ, థ లు గోరంత బొమ్మలో ఒకటిగానే కనబడతాయి. థ లోపలి చుక్క మొట్టమొదట మాయమవుతుంది. మసక నీడలూ, మెరిసే అంచులూ అక్షరానికి తగిలిస్తే ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది, ఎందుకంటే మన అక్షరాల సున్నాల లోపలి ఖాళీలను ఆ నీడ పూడ్చేస్తుంది. పేరు సరిగా కనబడకపోతే నీడ వేసేకన్నా వెనక రంగును మార్చడం మేలు.

సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చే తప్పు మరొకటి ఉంది. ఫోటోషాప్‌లో తెలుగు టైపు చేసినప్పుడు కొన్నిసార్లు వత్తు కిందికి దిగకుండా "ట్" పక్కన "టె" వేరే అక్షరంగా నిలబడిపోతుంది. వరల్డ్-రెడీ లేఅవుట్ అన్న అమరికను ఎంచుకుంటే అది సరవుతుంది. ఇంక్‌స్కేప్, గింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో మామూలుగా ఈ ఇబ్బంది రాదు. తెలుగు చదవడం రాని డిజైనరు చేత అట్ట వేయించుకున్న నా మిత్రుడొకాయన పుస్తకం పేరు ఇలా విరిగిన అక్షరాలతోనే అచ్చయింది. పుస్తకంలో ఆరునెలలపాటు అచ్చుతప్పులు దిద్దుకున్న ఆయన, అట్ట మీది రెండు మాటలను సరిచూసుకోవాలన్న ఆలోచన రాలేదని ఇప్పటికీ బాధపడుతుంటారు. అట్ట మీది అక్షరాలను కూడా ప్రూఫు చూడాలి. ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట మూడింటినీ, బొమ్మ వేసినవారు కాక మరొకరు చూడాలి.

రంగుల విషయంలో నాకున్న అభిరుచిని పక్కనపెట్టి ఒక్క పరీక్షను మాత్రం నమ్ముతాను. ముఖచిత్రాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి చూస్తాను. ఎరుపు మీద ఆకుపచ్చ అక్షరాలు రంగుల్లో భగ్గుమంటాయి కానీ రెండింటి వెలుగూ ఒకటే అయితే బూడిదరంగులో అక్షరం నేపథ్యంలో మునిగిపోతుంది. ఇది ఊరికే చేసే పరీక్ష కాదు. కాగితంలాంటి నలుపు తెలుపు తెరతో ఈ-పుస్తకాలు చూపించే మామూలు ఈ-ఇంక్ రీడర్లు మన ముఖచిత్రాన్ని 16 బూడిద ఛాయల్లోనే చూపిస్తాయి. రంగుల తేడా తెలియని చూపున్న పాఠకులూ ఉంటారు. చూపు తక్కువైనవారూ చదవగలిగేలా పెట్టిన వెబ్ పుటల అందుబాటు ప్రమాణాల్లో మామూలు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలని ఉంది. ముఖచిత్రానికి అది నియమం కాకపోయినా కొలబద్దగా పెట్టుకుంటే మంచిది. తెల్లటి నేపథ్యం ఇష్టపడేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. తెల్లటి పుట మీద తెల్లటి అట్టకు అంచులు కనబడవు. చుట్టూ మూడు నాలుగు పిక్సెళ్ళ సన్నటి బూడిదరంగు గీత గీస్తే చాలు, అది పుస్తకంలా కనబడుతుంది.

బొమ్మల హక్కుల గురించి రచయితలే నిర్లక్ష్యంగా ఉంటే బాధ కలుగుతుంది. మన కథను ఎవరైనా పేరు తీసేసి పెట్టుకుంటే గుండె మండుతుంది, కానీ గూగుల్‌లో వెతికి దొరికిన బొమ్మను అట్ట మీద పెట్టుకోవడానికి వెనుకాడం. వెతికితే దొరికినంత మాత్రాన అది ఉచితం కాదు. తన బొమ్మను ఇతరులు ఎలా వాడుకోవచ్చో కళాకారుడు ముందే తెలిపే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో సీసీ జీరో అని ఉంటే ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చు. సీసీ బై అని ఉంటే కళాకారుడి పేరు తప్పక ఇవ్వాలి. అందులో ఎన్‌సీ అన్న అక్షరాలుంటే అమ్మే పుస్తకానికి వాడకూడదు. ఎన్‌డీ అని ఉంటే దాన్ని మార్చి పంచడానికి వీల్లేదు కనుక కత్తిరించి, రంగు మార్చి అట్టగా చేయాలనుకునేవారికి అది పనికిరాదు. ఫోటోలో గుర్తుపట్టగలిగిన మనిషి ఉంటే ఫోటోగ్రాఫరు అనుమతి ఒక్కటే చాలదు, ఆ మనిషి అనుమతి కూడా ఉందో లేదో చూసుకోవాలి. మోసపోయిన భార్యగానో హంతకుడిగానో తన ముఖం ఒక అట్ట మీద కనబడితే ఆ మనిషికి ఎలా ఉంటుందో ఊహించడం రచయితకు కష్టమైన పని కాకూడదు.

కృత్రిమ మేధతో బొమ్మ చేయించుకోవడం ఇప్పుడు తేలికైంది. నేనూ ప్రయత్నించాను. పెట్టె బొమ్మ అడిగితే నాలుగు చక్కటి పెట్టెలు వచ్చాయి. నాలుగింటిలోనూ మూత మీద చెక్కడాలు, చుట్టూ పూలు, వెనక సూర్యకాంతి, పక్కన సిరాబుడ్డి, ఈక కలం. నేను కష్టపడి వదిలించుకున్నవన్నీ తిరిగి వచ్చాయి. పేరు కూడా రాయమంటే తెలుగు అక్షరాల్లా కనబడే వింత వంకరలు వచ్చాయి. వాడదలచుకున్నవారు అక్షరాలను మాత్రం విడిగా తామే పెట్టుకోవాలి. తాము ప్రచురించే చోట నియమాలేమిటో కూడా చూసుకోవాలి. ఉదాహరణకు, అమెజాన్ ప్రచురణ సేవ 2023 సెప్టెంబరు నుంచి, కృత్రిమ మేధ సృష్టించిన బొమ్మలుంటే, ముఖచిత్రంతో సహా, తమకు తెలియజేయాలని కోరుతోంది. నా మటుకు నాకు, డబ్బు పెట్టగలిగితే ఒక చిత్రకారుణ్ణి అడగడమే ఇష్టం. అప్పుడు కూడా "బాగా వేయండి" అని వదిలేయకుండా, పుస్తకం ఎవరికోసమో రెండు వాక్యాల్లో, అట్ట మీద ఉండకూడనివి ఏవో ఒక వాక్యంలో రాసి ఇస్తాను. ఆ రెండో జాబితా చూసి చిత్రకారులు సంతోషించడం నేను గమనించాను.

అచ్చు పుస్తకం అయితే మరికొన్ని లెక్కలుంటాయి. తెర మీద చక్కగా ఉన్న 512 పిక్సెళ్ళ వెడల్పు బొమ్మ, అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే ఒకటిముప్పావు అంగుళం కూడా ఉండదు. కనుక అచ్చు ఆలోచన ఏమాత్రం ఉన్నా మొదటినుంచీ పెద్ద కొలతలోనే పనిచేయాలి. కత్తిరింపులో అంచు తేడా వచ్చినా తెల్లగా కనబడకుండా బొమ్మను చుట్టూ 0.125 అంగుళం బయటికి పొడిగించాలి. వెన్ను మందం పుటల సంఖ్యను బట్టి, కాగితాన్ని బట్టి మారుతుంది. అమెజాన్ లెక్కలో 200 పుటల పుస్తకానికి తెల్లకాగితమైతే సుమారు 0.45 అంగుళం, మీగడరంగు కాగితమైతే 0.5 అంగుళం వస్తుంది. పుటలు ఖరారు కాకముందే వెన్ను తయారుచేసుకుంటే మళ్ళీ చేయవలసిందే. తెర మీది ప్రకాశవంతమైన నీలాలూ ఆకుపచ్చలూ నాలుగు సిరాల అచ్చులో మందగిస్తాయి కాబట్టి, ప్రతులన్నీ వేయించే ముందు ఒక్క ప్రతి తెప్పించుకుని పగటి వెలుతురులో చూసుకోవడం తప్పనిసరి.

చివరగా, తయారైన ముఖచిత్రాన్ని ఇతరులకు చూపించే పద్ధతి. "బాగుందా?" అని అడిగితే మనల్ని ప్రేమించేవారందరూ బాగుందనే అంటారు. ఇప్పుడు నేను ఫోనులో మూడు క్షణాలు చూపించి, ఫోను వెనక్కి తీసుకుని, "ఇది ఎటువంటి కథ అనుకుంటున్నావు?" అని మాత్రం అడుగుతాను. పెట్టె ముఖచిత్రాన్ని అలా ఆరుగురికి చూపించాను. ఇద్దరు పేరును పూర్తిగా చదవలేకపోయారు, అందుకని అక్షరాలను ఇంకొంచెం పెంచాను. ఒకరు దొంగతనం కథ అన్నారు. మూత సందులోని చీకటి మరీ ఎక్కువైందని అర్థమై దాన్ని కాస్త తేలిక చేసి, కాగితపు అంచును స్పష్టం చేశాను. మార్పులన్నీ అయ్యాక, మొదటి పుస్తకం చూసి భక్తి పుస్తకమా అని అడిగిన ఆ మిత్రురాలికే పంపాను. ఆమె ఈసారి వెంటనే, "పెట్టె ఎవరిదో గానీ, ఆ మనిషి ఇప్పుడు లేరనుకుంటాను" అంది. పుస్తకం ఆమె అప్పటికి చదవలేదు. ఆ రాత్రే ఫైలును అప్‌లోడ్ చేశాను.